సీఎన్‌సీగా మార్చిన చిన్న లేత్‌కు ముందు టూల్ ఎత్తు

పాత బెంచ్ లేత్‌కు స్టెప్పర్ మోటార్లు, బాల్‌స్క్రూలు బిగించి ఇంట్లోనే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే యంత్రం) చేసుకున్నవాళ్లు ప్రోగ్రాం జోలికి వెళ్లేముందు టూల్ సెంటర్ హైట్ చూసుకోండి, అంటే టూల్ మొన స్పిండిల్ (తిరిగే ఇరుసు) నడిమధ్య ఎత్తులోనే ఉందా అని. మా విజయవాడ ఆటోనగర్‌లో చేయి తిరిగిన టర్నర్లు చేసే పద్ధతే ఇది.

చక్‌లో (రాడ్‌ను పట్టి తిప్పే భాగం) నున్నటి గుండ్రటి రాడ్ బిగించండి. స్పిండిల్ ఆపేసి, రాడ్‌కీ టూల్ మొనకీ మధ్య సన్నటి స్టీలు స్కేలు నిలబెట్టండి. ఎక్స్ యాక్సిస్‌ను (టూల్‌ను రాడ్ వైపు జరిపే దిశ) 0.01 మి.మీ. చొప్పున జరుపుతూ స్కేలు జారిపోకుండా ఆగేంతవరకే తేవాలి. గట్టిగా నొక్కితే కార్బైడ్ మొన చిట్లుతుంది, జాగ్రత్త! స్కేలు నిటారుగా నిలిస్తే ఎత్తు సరిపోయినట్టే. దాని పైఅంచు టూల్ వైపు వాలితే టూల్ కిందికి ఉంది, రాడ్ వైపు వాలితే పైకి ఉంది. కిందికి ఉంటే టూల్ కింద ఫీలర్ గేజ్ రేకులతో (సందులు కొలిచే సన్నటి రేకులు) ప్యాకింగ్ ఇవ్వండి. తర్వాత ఫేసింగ్ (రాడ్ చివరి ముఖాన్ని చదునుగా కోయడం) చేసి చూడండి, మధ్యలో చిన్న బొడిపె కూడా మిగలకూడదు.

ఇన్సర్టుల (టూల్ కొనకు బిగించే, మార్చుకోగల కార్బైడ్ బిళ్లలు) విషయానికొస్తే, తేలికపాటి లేత్‌కు అల్యూమినియం కోసం అమ్మే సీసీజీటీ (CCGT) రకమే మేలు. పదునెక్కువ కాబట్టి మైల్డ్ స్టీల్‌ను కూడా తక్కువ ఒత్తిడితో కోస్తాయి. నంబరు చివర 02 ఉన్నవి అడగండి, అంటే మొన గుండ్రదనం రేడియస్ 0.2 మి.మీ.