బ్రస్సెల్స్‌లో తికమక: ఎక్కడ వస్తుంది, ఎందుకు వస్తుంది, ఏం చేయాలి

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్ వెళ్లే మనవాళ్లు ముందుగా టెన్షన్ పడేది ఫ్రెంచ్ రాదని. అంత అక్కర్లేదు. హోటల్లో, స్టేషన్లో, మ్యూజియంలో ఇంగ్లిష్‌తో పనైపోతుంది. ఇబ్బంది పెట్టేవి బోర్డులు. 19 మున్సిపాలిటీలున్న ఈ రాజధాని ప్రాంతంలో ఫ్రెంచ్, డచ్ రెండూ అధికార భాషలే. అందుకే స్టేషన్‌కీ, వీధికీ, పేటకీ రెండేసి పేర్లు. నగరం దాటగానే చుట్టూ ఫ్లాండర్స్, అక్కడ డచ్ ఒక్కటే. ఇంకాస్త దక్షిణానికి పోతే వలోనియా, అక్కడ ఫ్రెంచ్. పేర్లు మారినా అంకెలు మారవు. పోస్టల్ కోడ్, ట్రామ్ నంబరు, ప్లాట్‌ఫాం నంబరు, రైలు టైము, వీటిని పట్టుకుంటే సగం చిక్కులు పోతాయి.

టికెట్ మీద ‘మిడి’ అని ఉంది, బోర్డు మీద ఆ పేరు కనబడదు

కారణం: ఇక్కడ పెద్ద స్టేషన్లు మూడు. ఫ్రెంచ్‌లో నార్, సాంత్రాల్, మిడి. డచ్‌లో నోర్డ్, సెంట్రాల్, జౌట్. మొదటి రెండింటినీ ఎలాగోలా పోల్చుకుంటాం. మిడికీ జౌట్‌కీ మాత్రం ఎక్కడా పోలిక లేదు. రెండూ దక్షిణ స్టేషన్ పేర్లే.

ఏం చేయాలి: డచ్ బోర్డు మీద జెడ్ అక్షరంతో మొదలయ్యే పేరు చూస్తే అది మిడి అనుకోండి. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే రైలు మొదట నార్, తర్వాత సాంత్రాల్, ఆ తర్వాత మిడిలో ఆగుతుంది. మధ్యలో కొద్ది నిమిషాలే తేడా, కాబట్టి సామాను ముందే దించి తలుపు దగ్గర ఉండండి. నగరం నడిబొడ్డున ఉన్న పాత చౌరస్తా గ్రాండ్ ప్లాస్ చూడాలంటే సాంత్రాల్లో దిగాలి, అక్కడి నుంచి నడిచిపోవచ్చు. లండన్, పారిస్ వెళ్లే యూరోస్టార్‌కి మిడి. ఆ స్టేషన్లో జేబుదొంగల బెడద ఉంది, ఫోను, పాస్‌పోర్టు జాగ్రత్త.

ఇంకో మాట. ‘బ్రస్సెల్స్-లగ్జెంబర్గ్’ అనే స్టేషన్ యూరోపియన్ పార్లమెంట్ పక్కనే, నగరంలోనే ఉంది. లగ్జెంబర్గ్ దేశంలోని స్టేషన్ వేరు. టికెట్ బుక్ చేసేటప్పుడు రెండు పేర్లూ పక్కపక్కన కనిపిస్తాయి, చూసి నొక్కండి.

బ్రస్సెల్స్‌లో దిగాను, కానీ ఎయిర్‌పోర్ట్‌లో రైలు స్టేషన్ లేదు

మీరు దిగింది షార్లరువాలో. చవక విమానాలు ఎక్కువగా వచ్చే ఈ ఎయిర్‌పోర్ట్ పేరు ‘బ్రస్సెల్స్ సౌత్ షార్లరువా’. పేరులో బ్రస్సెల్స్ ఉన్నా అది నగరానికి దక్షిణంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరం. అసలు బ్రస్సెల్స్ ఎయిర్‌పోర్ట్ జావెంటెమ్‌లో ఉంది, టెర్మినల్ కిందే రైలు స్టేషన్, 20 నిమిషాల్లో నగరం నడిబొడ్డుకి చేరతారు. షార్లరువా నుంచైతే మిడి స్టేషన్‌కి బస్సు ఉంది, దాదాపు గంట పడుతుంది. టికెట్ కొనకముందే కోడ్ చూసుకోవాలి: జావెంటెమ్‌ది బీఆర్‌యూ, షార్లరువాది సీఆర్‌ఎల్. ఎవరైనా ‘సౌత్’కి రమ్మంటే, ఎయిర్‌పోర్టా, మిడి స్టేషనా అని అడిగి తెలుసుకోండి.

ఎక్కింది సరైన రైలే, దారిలో ఊరి పేరు మారిపోయింది

ఎక్కువమందిని కంగారు పెట్టేది ఇదే. లియెజ్ వెళ్లాలని ఎక్కుతారు. కాసేపటికి తెర మీద ‘లౌక్’ అని వస్తుంది. రైలు తప్పు ఎక్కామేమోనని దిగిపోతారు, అక్కడ మొదలవుతుంది అసలు ఇబ్బంది.

కారణం చట్టం. రైలు ఏ భాషా ప్రాంతంలో నడుస్తుంటే ఆ భాషలోనే ప్రకటనలు ఇవ్వాలి. బ్రస్సెల్స్‌లో రెండూ, ఫ్లాండర్స్‌లో అడుగుపెట్టగానే డచ్, వలోనియాలోకి రాగానే ఫ్రెంచ్. ఇది ఎంత పట్టింపు ఉన్న విషయమంటే, 2024లో బ్రస్సెల్స్ ఇంకా రాకముందే, ఫ్లాండర్స్‌లో ఉండగా డచ్‌తో పాటు ఫ్రెంచ్‌లో కూడా ‘బోంజూర్’ అన్నాడని ఒక కండక్టర్ మీద ప్రయాణికుడు ఫిర్యాదు చేశాడు. అది దేశమంతా చర్చ అయింది.

ఏం చేయాలి: వెళ్లే ఊరి పేరు రెండు రకాలుగానూ రాసి పెట్టుకోండి. లియెజ్ అంటే లౌక్, మోన్స్ అంటే బెర్ఖెన్, నమ్యూర్ అంటే నామెన్, ఫ్రాన్స్‌లోని లీల్ అంటే రైసెల్. ఆంట్‌వెర్పెన్‌ని ఫ్రెంచ్‌లో ఆన్వెర్స్ అంటారు, ఖెంట్‌ని గాన్ అంటారు. కారు నడిపేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. ఈ40 హైవే మీద జీపీఎస్ లియెజ్ అంటుంటే ఫ్లాండర్స్‌లో బోర్డు లౌక్ అంటుంది.

పిల్లల్ని చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులు ఫ్లాండర్స్‌లోని యూనివర్సిటీ ఊరు లూవెన్ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. లూవెన్‌ని ఫ్రెంచ్‌లో లూవెం అంటారు. కానీ ‘లూవెం-లా-నవ్’ వేరే ఊరు, వలోనియాలో ఉంది. 1968 భాషా గొడవల్లో పాత యూనివర్సిటీ రెండుగా చీలిపోయి, ఫ్రెంచ్ భాగం కోసం కట్టిన కొత్త ఊరు అది. పిల్లలు లూవెన్‌లోని డచ్ భాషా యూనివర్సిటీలో చదువుతుంటే ‘నవ్’ అన్న మాట ఉన్న టికెట్ కొనకూడదు.

అడ్రస్‌లో ‘బస్ 4’ అని ఉంది, ఆ నంబరు బస్సు ఎక్కడా లేదు

డచ్ అడ్రస్‌లో ఆ మాటకి పోస్టు డబ్బా అని అర్థం, అంటే ఆ భవనంలో నాలుగో ఇల్లు. ఫ్రెంచ్‌లో అదే ‘బ్వాత్ 4’. చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబరు బదులు కాలింగ్ బెల్ పక్కన ఇంటివాళ్ల పేరు ఉంటుంది. అందుకని వాళ్లింటి పేరు బెల్ మీద ఎలా రాసి ఉందో ముందే ఫోటో పంపమనండి. పేటల పేర్లూ జంటలే. ఇక్సెల్ అన్నా ఎల్సెనె అన్నా ఒకటే, ఉక్ల్ అన్నా ఉక్కెల్ అన్నా ఒకటే. పోస్టల్ కోడ్ చెబితే తేలిపోతుంది: ఇక్సెల్ 1050, ఉక్ల్ 1180, సాన్-జిల్ 1060, అందెర్లెక్ 1070, నడి ఊరు 1000. అత్యవసరమై 112కి ఫోన్ చేసినా వీధి పేరుతో పాటు ఈ నాలుగంకెలు చెప్పండి.

మెట్రోలో చివరి స్టేషన్ పేరు చూసి ఎక్కాను, వేరే దారిలో పోయింది

2వ లైను నగరం చుట్టూ తిరుగుతుంది. దాని ఒక కొస సిమోనిస్, రెండో కొస ఎలిజబెత్, రెండూ ఒకే చోట పైనా కిందా ఉన్న ప్లాట్‌ఫాంలు. రెండు వైపులా పోయినా చివరికి అక్కడికే చేరతారు, దారిలో వచ్చే స్టేషన్లే వేరు. పెద్ద ఉక్కు గోళాల కట్టడం అటోమియం చూడాలనుకుంటే మిడిలో 6వ లైను, ర్వా బొదువెం వైపు ఎక్కి, ఐజెల్‌లో దిగాలి. డచ్‌లో ఆ కొస పేరు కోనింగ్ బౌదేవైన్. సాంత్రాల్ నుంచైతే 1 లేదా 5 ఎక్కి బేకాంట్‌లో 6కి మారండి.

గేటు దగ్గర కార్డు పనిచేయదు

మెట్రో, ట్రామ్, బస్సుల్లో బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. మన కార్డు తిరస్కరిస్తే సాధారణంగా కారణం ఇంటి దగ్గరే ఉంటుంది. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం విదేశీ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండింటినీ మనమే ఆన్ చేసుకోవాలి. విమానం ఎక్కకముందే బ్యాంకు యాప్‌లో ఈ రెండు బటన్లూ చూడండి. రూపే కార్డు మీద ఆధారపడకండి, వీసా గాని మాస్టర్ గాని ఉంచుకోండి. ఒక కార్డు ఒక మనిషికే. బండి మారినప్పుడల్లా మళ్లీ తాకించాలి.

ఫ్రెంచ్ వచ్చినా అంకెలు అర్థం కావట్లేదు

మార్కుల కోసం ఇంటర్‌లో ఫ్రెంచ్ తీసుకున్నవాళ్లు మన దగ్గర చాలామంది. పుస్తకంలో నేర్చుకున్న 70, 90 ఇక్కడ వినబడవు. బెల్జియంలో 70ని సెప్టాంత్, 90ని నోనాంత్ అంటారు. అలాగే ‘దెజునే’ అంటే చాలామందికి పొద్దుటి టిఫిన్, ‘దినే’ అంటే మధ్యాహ్న భోజనం. ఎవరైనా దినేకి పిలిస్తే టైము అడిగి రాసుకోండి.

గొడ్డుమాంసం తిననివాళ్లకి

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. శాండ్‌విచ్ కొట్లో ‘అమెరికేన్’ అని కనిపిస్తే అది పచ్చి గొడ్డుమాంసం కీమా. పేరు చూసి బర్గర్ లాంటిదేమో అనుకుంటారు. ఫ్రెంచ్ ఫ్రైస్ కూడా ఇక్కడ పాత పద్ధతిలో గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు, చూడ్డానికి తేడా తెలియదు. నూనెలో వేయించేవాళ్లూ ఉన్నారు, కొనేముందు ‘వెజిటబుల్ ఆయిలేనా’ అని అడగండి. జవాబు తడబడితే వదిలేయండి.

చిన్నచిన్నవి

మూడు పిన్నుల మన ప్లగ్గు ఇక్కడి సాకెట్‌లో పట్టదు. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్ పడుతుంది. కరెంటు 230 వోల్టులే, అడాప్టర్ ఒక్కటి చాలు. నగదు ఇస్తే బిల్లు దగ్గరి 5 సెంట్లకి సర్దుతారు, అది 2019 డిసెంబరు నుంచి ఉన్న నిబంధన, మోసం కాదు. జీబ్రా గీతల మీదైనా ట్రామ్ మన కోసం ఆగదు, దానిదే ముందు హక్కు.

చుట్టాలింట్లో దిగితే, వచ్చిన మూడు పనిదినాల్లో ఆ పేట మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి వచ్చినట్టు నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, చుట్టాల అడ్రస్ తీసుకెళ్లండి. హోటల్లో దిగినవాళ్లకి ఈ పని ఉండదు.