సంఘంతో పరిశుద్ధ భూమి యాత్ర: బయలుదేరే ముందు తేల్చుకోవలసినవి

మన సంఘాల నుంచి యెరూషలేము యాత్రకు పేరు ఇచ్చేవారిలో పిల్లల పెళ్లిళ్లు ముగించుకుని, ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బుతో మొదటిసారి విమానం ఎక్కబోయే పెద్దవారు చాలామంది కనిపిస్తారు. కాబట్టి యాత్ర బాధ్యత తీసుకున్న పాస్టరుగారు, సంఘపెద్దలు ముందుగా తెలుసుకోవలసింది బృందంలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి రోజుకు ఎంత దూరం నడవగలరో. ఏ స్థలాలు చూడాలన్నది ఆ తరువాతి మాట. పది రోజుల్లో జోర్డాన్, ఇజ్రాయెల్, ఈజిప్టు మూడూ చూపిస్తామనే ప్యాకేజీ కాగితం మీద చవకగానే కనిపిస్తుంది గాని, అందులో సగం పగళ్లు బస్సులోనూ సరిహద్దు వరుసల్లోనూ గడిచిపోతాయి. మోకాళ్ల నొప్పులున్నవారు ఎక్కువగా ఉన్న బృందమైతే ఈజిప్టును వదిలేసి, ఆ రోజులను గలిలయకూ యెరూషలేముకూ ఇవ్వడమే మేలని నా అభిప్రాయం.

2023 అక్టోబరు నుంచి ఆ ప్రాంతంలో పరిస్థితులు ఎప్పుడు మారతాయో చెప్పలేని స్థితి ఉన్నందువల్ల, అడ్వాన్సు కట్టే ముందు మన విదేశాంగ శాఖ తాజా సూచనలను చదవాలి. విమానాలు రద్దయినా సరిహద్దు మూసివేసినా డబ్బు ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుందో ట్రావెల్స్ వారి నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రయాణ బీమా పాలసీల్లో యుద్ధం వల్ల కలిగే నష్టాన్ని మినహాయించే నిబంధన సాధారణంగా ఉంటుంది కనుక ఆ పేజీని ఎవరైనా ఒకరు ఓపికగా చదవాలి. విదేశీ టూర్ ప్యాకేజీపై ట్రావెల్స్ వారు ముందే వసూలు చేసే పన్నును (టీసీఎస్‌) ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేసి సర్దుబాటు చేసుకోవచ్చు; అందుకు ప్రతి ఒక్కరి పాన్ నంబరు సరిగా నమోదై ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఈ యాత్రకు ఇచ్చే సాయాన్ని, వార్షికాదాయం 3 లక్షల లోపు ఉన్నవారికి 60,000 రూపాయలకు, మిగిలినవారికి 30,000 రూపాయలకు పెంచింది. అయితే మంజూరు పత్రం చేతికి వచ్చేదాకా ఆ సొమ్మును లెక్కలో వేసుకోకూడదు.

పాస్‌పోర్టు గడువు తిరిగి వచ్చే తేదీ తరువాత కనీసం ఆరు నెలలైనా మిగిలి ఉండాలి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులతో కొన్ని దేశాల్లో చిక్కు వస్తుంది కాబట్టి, ఒకే పేరు ఉన్నవారు దానిని ముందే సరిచేయించుకోవడం మంచిది. పదో తరగతి పాస్ కాని పెద్దల పాస్‌పోర్టులపై ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరం) అని ఉంటే కంగారు పడనక్కరలేదు. ఉద్యోగానికి కాక సందర్శనకు వెళ్లేవారికి ఎమిగ్రేషన్ అనుమతి అవసరం లేదు, తిరుగు టికెట్టు, వీసా కాపీ చేతిలో ఉంటే చాలు.

ఇజ్రాయెల్ సరిహద్దులో భద్రతా సిబ్బంది అడిగే ప్రశ్నలకు బృందాన్ని ముందే సిద్ధం చేయాలి. పెట్టె ఎవరు సర్దారు, ఎవరైనా ఏదైనా ఇచ్చి పంపారా, బృందంలో ఒకరికొకరు ఎలా తెలుసు అని విడివిడిగా అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు, పొట్టిగా చెప్పాలి. నవ్వులాటకు అది చోటు కాదు. 2023లో కేరళ నుంచి వెళ్లిన యాత్రికుల్లో కొందరు బృందాన్ని వదిలి అక్కడే ఉండిపోయిన ఘటనలున్నాయి. సంఘంలో ముఖపరిచయం కూడా లేని మనిషి చివరి నిమిషంలో పేరు ఇస్తే, మొహమాటానికి పోకుండా విచారించడం నాయకుల బాధ్యత.

నడక విషయంలో అసలు పరీక్ష యెరూషలేము పాత నగరంలోనే. లోపలికి బస్సు రాదు. రాతి పలకలు అరిగి నున్నగా ఉంటాయి. సిలువ మార్గంలోని పద్నాలుగు స్థలాల్లో చివరి ఐదు పరిశుద్ధ సమాధి మందిరంలో ఉన్నా, అక్కడిదాకా దారి రద్దీగా ఉండే బజారు సందుల గుండానే సాగుతుంది. ఒలీవల కొండ నుంచి గెత్సేమనేకు దిగే దారి ఎంత ఏటవాలుగా ఉంటుందంటే, ఎక్కడం కంటే దిగడమే మోకాళ్లకు ఎక్కువ శ్రమ. అదే కొండపై, ప్రభువు నేర్పిన ప్రార్థనను వందకు పైగా భాషల్లో గోడలపై పలకలుగా అమర్చిన మందిరంలో తెలుగు పలక దగ్గర మనవాళ్లు చాలాసేపు ఆగిపోతారు కాబట్టి, అక్కడికి కేటాయించిన సమయాన్ని రెట్టింపు చేసుకోవాలి. పరిశుద్ధ సమాధి మందిరంలో, యేసును సిలువ వేసిన చోటుగా చెప్పే గొల్గొతా పైకి వెళ్లే మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. ప్రొటెస్టెంటు సంఘాలు ప్రభురాత్రి భోజనానికి ఎక్కువగా కోరుకునే, యేసు సమాధి ఉన్న చోటుగా కొందరు భావించే తోట సమాధి ఆదివారం మూసి ఉంటుంది. ఈ ఒక్క సంగతి చూసుకోకుండా కార్యక్రమం రాసుకుంటే మొత్తం వారం తారుమారవుతుంది. బేత్లెహేము పాలస్తీనా పాలనలో ఉన్నందున ఆ రోజు పాస్‌పోర్టులను హోటల్లో వదిలిరాకూడదు. అక్కడి జనన మందిరపు వాకిలి ఎత్తు దాదాపు 1.2 మీటర్లే గనుక అందరూ వంగి వెళ్లవలసిందే.

ఈజిప్టులోని సీనాయి పర్వతం మీద మనసున్నవారికి ఒక మాట. శిఖరం ఎత్తు 2,285 మీటర్లు, అర్ధరాత్రి దాటాక బయలుదేరితేనే సూర్యోదయానికి చేరగలరు. ఒంటె కొంత దూరం మోసుకెళ్లినా చివరి 750 మెట్లు సొంత కాళ్లతో ఎక్కాలి, చలికాలంలో పైన గడ్డకట్టే చలి ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవారిని ఉత్సాహపరచవద్దు.

బాప్తిస్మం సంగతి సంఘంలోనే తేల్చుకుని వెళ్లాలి. ఇదివరకే బాప్తిస్మం పొందినవారు యొర్దానులో మళ్లీ మునగవచ్చా లేదా అన్న చర్చ నది ఒడ్డున మొదలైతే బృందం రెండుగా చీలిపోతుంది. గలిలయ సముద్రానికి దక్షిణాన ఉన్న యార్దెనిత్‌లో పట్టుకోవడానికి కమ్మీలు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నందున పెద్దవారికి అది అనువైన చోటు. యెరికో దగ్గరి ఖస్ర్ అల్ యహూద్ ప్రభువు బాప్తిస్మానికి సంబంధించిన సంప్రదాయ స్థలమే అయినా, నీరు బురదగా ఉంటుంది.

మందులు చేతి సంచిలోనే, డాక్టరు చీటీతో సహా ఉండాలి. నొప్పికి వాడే ట్రామడాల్ లాంటివాటిపై ఈజిప్టులో కఠినమైన ఆంక్షలున్నాయి. కోషర్ (యూదుల ఆహార నియమాలు పాటించే) హోటళ్లలో మాంసంతో పాటు పాలు వడ్డించరు కనుక రాత్రి భోజనం తరువాత పాల టీ దొరకదు. ఇది ముందే చెప్పకపోతే ప్రతి రాత్రీ అదే ఫిర్యాదు వింటారు. కారప్పొడి, కందిపొడి తీసుకెళ్లవచ్చు గాని పెద్ద పెట్టెలోనే పెట్టాలి, ఆవకాయనైతే నూనె కారకుండా రెండు కవర్లలో కట్టి అందులోనే పెట్టాలి. తిరుగు ప్రయాణంలో యొర్దాను నీళ్ల సీసాలకూ, ఒలీవ నూనెకూ అదే పద్ధతి వర్తిస్తుంది: 100 మిల్లీలీటర్లు మించిన సీసా చేతి సంచిలో ఉంటే తనిఖీ దగ్గరే వదిలేసి రావాలి.