సామూహిక విలుప్తి తరువాత జీవం కోలుకున్న కాలాన్ని లెక్కగట్టే విధానం

లెక్క మొదలుపెట్టే ముందు, కోలుకోవడానికి దేన్ని గుర్తుగా తీసుకోవాలో తేల్చుకోవాలి. సుమారు 25 కోట్ల ఏళ్ల క్రితం పెర్మియన్ యుగం చివర జరిగిన విలుప్తినే (జీవజాతులు పెద్దసంఖ్యలో అంతరించిపోవడాన్నే) చూస్తే, చైనాలోని గుయాంగ్ శిలాజాలలో చేపలు, రొయ్యజాతి జీవులతో కూడిన సముద్ర సముదాయం సుమారు 10 లక్షల ఏళ్లకే కనిపిస్తుండగా, పగడాల జాడ మాత్రం పెర్మియన్ తరువాతి యుగమైన ట్రయాసిక్ మధ్యభాగం దాకా దొరకదు. ఏ గుర్తు పెట్టుకున్నారో చెప్పకుండా ఏళ్ల సంఖ్య ఒక్కటే రాస్తే దానికి విలువ ఉండదు.

తరువాత, విలుప్తికి ముందూ వెనుకా పొరలు తెగిపోకుండా ఉన్న చోటు కావాలి. మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో అటువంటిది లేదు. గూడూరు, సైదాపురం మైకా గనుల రాళ్లు, మార్కాపురం పలకలు, చీమకుర్తి నల్లరాయి జంతువులు పుట్టకముందువి. ఒంగోలు ప్రాంతపు వేమవరం షేల్‌లో (పొరలుగా విడిపోయే బురదరాయిలో) మొక్కల ముద్రలు, అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గుల్లగల ప్రాచీన సముద్రజీవులు) ఉన్నా, అవి డైనోసార్లు బతికిన తొలి క్రెటేషియస్ కాలానివి. పెద్ద విలుప్తుల సరిహద్దు ఏదీ వాటిలో పడదు. పొరలు చదవడం సాధన చేయడానికి మాత్రం వేమవరం చక్కని చోటు. పెర్మియన్ విలుప్తి కాలగణనకు ప్రామాణికంగా చూడవలసింది చైనాలోని మెయిషాన్.

మెయిషాన్ విశేషం, శిలాజాల పొరల నడుమ అగ్నిపర్వత బూడిద పొరలు ఉండటం. బూడిదలోని జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాలు ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తీసుకుంటాయి గానీ సీసాన్ని దాదాపు రానివ్వవు. కనుక ఇప్పుడు కనిపించే సీసమంతా యురేనియం క్షయం వల్ల వచ్చినదేనని భావించి వయసు కట్టవచ్చు. యురేనియం-238 అర్ధాయువు (సగం క్షయించడానికి పట్టే కాలం) సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235ది సుమారు 70 కోట్లు. ఈ రెండు గడియారాలు ఒకే వయసు చూపకపోతే, స్ఫటికం నుంచి సీసం కొంత జారిపోయిందని అనుమానించాలి. అందుకే ముందుగా వేడిచేసి, దెబ్బతిన్న భాగాలను ఆమ్లంతో కరిగించి తీసేస్తారు. మన తీరపు ఇసుకలోనూ జిర్కాన్ ఉంటుంది, కానీ అది చెప్పేది తాను పుట్టిన మూలశిల వయసునే తప్ప ఇసుక మేట వేసిన కాలాన్ని కాదు. కాబట్టి కొట్టుకొచ్చిన జిర్కాన్‌ను ఈ లెక్కకు వాడకూడదు.

ఇక తీసివేత. మెయిషాన్‌లో విలుప్తి ఆరంభం 25.1941 కోట్ల ఏళ్ల క్రితం (అటూ ఇటూ 37 వేల ఏళ్ల తేడా ఉండవచ్చు), ముగింపు 25.1880 కోట్ల ఏళ్ల క్రితం (తేడా 31 వేలు). వ్యవధి 61 వేల ఏళ్లు. తేడాలను నేరుగా కూడరాదు. వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 48 వేలు వస్తుంది. కోలుకున్న కాలానికీ ఇదే పద్ధతి, అయితే ఆరంభ బిందువుగా విలుప్తి ముగింపును తీసుకోవాలి.

శిలాజం రెండు బూడిద పొరల మధ్య ఉంటే, ఆ రెండింటి నడుమ కాలాన్ని మేట మందాన్ని బట్టి పంచాలి: 20 మీటర్లకు 4 లక్షల ఏళ్లయితే మీటరుకు 20 వేలు. మేట అన్నివేళలా ఒకే వేగంతో పడదు కనుక, భూకక్ష్య మార్పుల వల్ల పొరల్లో మళ్లీ మళ్లీ కనిపించే 4,05,000 ఏళ్ల ఆవృత్తితో దీన్ని సరిచూసుకోవడం మంచిది.

చివరి జాగ్రత్త అన్నింటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. ఒక జీవి శిలాజం తొలిసారి దొరికిన పొర, ఆ జీవి నిజంగా తిరిగివచ్చిన కాలానికి తరువాతదే అయి ఉంటుంది. అరుదైన జీవుల విషయంలో ఈ జాప్యం మరీ ఎక్కువ. కనుక ఫలితాన్ని ఒకే సంఖ్యగా కాక, శిలాజం దొరికిన అన్నింటికన్నా దిగువ పొరకూ, దాని కింద బాగా వెతికినా దొరకని పొరకూ మధ్య అవధిగా రాయాలి.