పెరటి ఆక్వాపోనిక్స్ – 3వ పాఠం: చేపల కంటే ముందు నీళ్లు

ఆక్వాపోనిక్స్ అంటే చేపల తొట్టి నీళ్లతోనే మొక్కలు పెంచడం. గత రెండు పాఠాలతో పెరట్లో 500 లీటర్ల చేపల తొట్టి కుదిరింది. దాని పక్కన దిమ్మె మీద 300 లీటర్ల కంకర తొట్టి, గంటకోసారి తొట్టి నీళ్లన్నీ తిరిగేలా నీటిని పైకి తోసే చిన్న మోటారు కూడా వచ్చాయి. ఇంత పని అయ్యాక ఎవరికైనా చేతులు ఊరుకోవు, ఆ సాయంత్రమే చేపపిల్లలు తెచ్చి వదిలేయాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. కొత్త తొట్లలో చేపలు చచ్చిపోవడానికి ఎక్కువగా కారణం ఈ తొందరే. ఈ పాఠంలో చేపలు లేకుండానే నీటిని సిద్ధం చేసుకుందాం. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఎందుకింత సమయమో ముందు తెలుసుకోవాలి. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అమ్మోనియాగా మారి, చాలావరకు దాని మొప్పల గుండానే నీళ్లలోకి వచ్చేస్తాయి. చెరువులో అయితే అంత నీళ్లలో అది పలచబడిపోతుంది. 500 లీటర్ల తొట్టిలో పలచబడటానికి చోటు లేదు, చేపే ఆ విషంలో ఈదాలి. దీన్ని మార్చేవి రెండు రకాల బాక్టీరియా. మొదటి రకం, అంటే నైట్రోసోమోనాస్ లాంటివి, అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా చేపకు విషమే, రక్తం ఆక్సిజన్‌ను మోయలేకుండా చేస్తుంది. రెండో రకం, నైట్రోస్పైరా లాంటివి, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. పాలకూరకు, పుదీనాకు కావలసింది ఆ నైట్రేటే. ఈ రెండు రకాలూ కంకర రాళ్లకు అంటుకుని పెరుగుతాయి. మామూలు బాక్టీరియాలా త్వరగా రెట్టింపు కావు, చాలా నిదానం. కాబట్టి ఈ ఆరు వారాలూ మనం పెంచేది ఆ బాక్టీరియానే.

ముందు నీళ్ల సంగతి. తిరుపతిలో మునిసిపల్ కుళాయికి వచ్చేది కల్యాణి డ్యామ్, తెలుగు గంగ నీళ్లు. వాటిలో క్లోరిన్ కలుపుతారు. క్లోరిన్ బాక్టీరియాను చంపడానికే ఉన్నది కనుక, ఆ నీళ్లను నేరుగా పోస్తే మన పని మొదటి రోజే చెడుతుంది. తొట్టి నింపి, గాలి పంపు రాయి వేసి ఒక రోజంతా బుడగలు రానివ్వండి, క్లోరిన్ ఎగిరిపోతుంది. చంద్రగిరి, రేణిగుంట, చిత్తూరు వైపు బోరు నీళ్లు వాడేవారికి ఈ బాధ లేదు, కానీ ఆ నీళ్లు గట్టివి, పీహెచ్ (నీళ్ల పులుపు, క్షార గుణం చెప్పే అంకె) తరచూ 7.5 దాటి ఉంటుంది. ఆ అంకె చూసి టెన్షన్ పడకండి. ఈ దశలో బాక్టీరియాకు కాస్త ఎక్కువ పీహెచ్ మంచిదే, పైగా అవి పనిచేస్తున్నకొద్దీ పీహెచ్ మెల్లగా దిగుతుంది. నిమ్మరసమో వెనిగరో పోసి దించాలని చూస్తే ఒకటి రెండు రోజుల్లో మళ్లీ ఎక్కుతుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే వానల్లో కొంత నీరు పట్టి పెట్టుకుంటే, బోరు నీళ్లలో కలపడానికి అంతకంటే మంచిది లేదు. ఇంట్లో ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు మాత్రం పోయొద్దు. వాటిలో ఉప్పులన్నీ చిక్కబడి ఉంటాయి.

బాక్టీరియా పెరగాలంటే వాటికి అమ్మోనియా అందాలి. చేపలు లేవు కాబట్టి మనమే ఇవ్వాలి. ప్రయోగశాల సామాన్లు అమ్మే దుకాణంలో స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ దొరుకుతుంది. 500 లీటర్లకు 3 గ్రాములు వేస్తే అమ్మోనియా దాదాపు 2 పీపీఎం అవుతుంది, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు. చిన్న డిజిటల్ తూకంలో తూచి, మగ్గు నీళ్లలో కరిగించి తొట్టిలో పోయండి. ఇంకాస్త వేస్తే త్వరగా అవుతుందనుకోవద్దు. 5 పీపీఎం దాటితే ఆ బాక్టీరియానే మందగిస్తాయి. నేల తుడిచే సువాసన అమ్మోనియా అసలు వద్దు, అందులో సబ్బు ఉంటుంది. అమ్మోనియం క్లోరైడ్ దొరకకపోతే రోజూ రెండు చిటికెల చేపల మేత వేసి కుళ్లనివ్వచ్చు. వాసన వస్తుంది, ఎంత అమ్మోనియా పుట్టిందో ముందే లెక్క కట్టలేం, కానీ పని జరుగుతుంది.

బాగా నడుస్తున్న అక్వేరియం ఉన్న స్నేహితులుంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజిని మీ తొట్టిలో పిండించుకోండి. పాలకు తోడు వేసినట్టు ఆ మురికి నీళ్లతో బాక్టీరియా దిగుతాయి, రెండు వారాల దాకా కలిసొస్తుంది. ఆ అక్వేరియంలో ఈ మధ్య చేపలేవీ జబ్బు పడలేదని అడిగి తెలుసుకున్నాకే తెచ్చుకోండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. నెలకు పైగా చేపలు లేని నీళ్లు పెరట్లో ఉంటే దోమలు గుడ్లు పెడతాయి. డెంగీ వచ్చే ఊళ్లలో ఉన్నాం, ఇది చిన్న విషయం కాదు. తొట్టి మీద దోమతెరను సందు లేకుండా బిగించి కట్టండి. దాని మీద నీడ వల కూడా వేస్తే నాచు తగ్గుతుంది, నీళ్లు వేడెక్కవు. వేసవిలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నీటి వేడి 34 దాటితే బాక్టీరియాకు కష్టం, వేడి నీళ్లలో ఆక్సిజన్ కూడా తక్కువగా కరుగుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టాలనుకునేవారికి నా సలహా, జూలై దాకా ఆగండి.

ఇక పరీక్షలు. అక్వేరియం దుకాణంలో అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ నాలుగూ చూసే చుక్కల కిట్ కొనండి. డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే, మిగతా చోట్ల పొదుపు చేసుకోవచ్చు. రంగును పగటి వెలుతురులోనే కార్డుతో పోల్చండి. రెండు రోజులకోసారి చూసి నోట్‌బుక్‌లో రాసుకోండి.

మొదటి వారం అమ్మోనియా కదలనే కదలదు. ఏమీ జరగడం లేదనిపిస్తుంది, జరుగుతూనే ఉంటుంది. రెండో వారానికి అటూఇటూగా అమ్మోనియా దిగడం, నైట్రైట్ కనిపించడం మొదలవుతుంది. అమ్మోనియా 1 పీపీఎం కంటే తగ్గినప్పుడల్లా మళ్లీ ఒకటిన్నర గ్రాము అమ్మోనియం క్లోరైడ్ వేయండి. తర్వాత నైట్రైట్ పైకెక్కి చాలా రోజులు అక్కడే నిలుస్తుంది. చాలామంది ఓపిక పోగొట్టుకుని నీళ్లన్నీ పారబోసేది ఇప్పుడే. పారబోయకండి, రెండో రకం బాక్టీరియా ఆలస్యంగా పెరుగుతాయి కాబట్టే ఈ ఆగుడు. నైట్రేట్ కనిపించడం మొదలయ్యాక పుదీనా కొమ్మలు, సిర్రాకు నారు కంకరలో నాటుకోవచ్చు.

ఈ మధ్యలో పీహెచ్ 6.5 కంటే దిగితే పని మందగిస్తుంది, 6 దగ్గర దాదాపు ఆగిపోతుంది. కుళాయి నీళ్లు వాడినవారికి ఇలా కావచ్చు. శుభ్రంగా కడిగిన ఆల్చిప్పల ముక్కలు గుడ్డసంచిలో కట్టి తొట్టిలో వేలాడదీయండి, మెల్లగా సర్దుకుంటుంది. వారాలు గడిచినా, నైట్రేట్ పెరుగుతున్నా పీహెచ్ 8 దగ్గరే పాతుకుని ఉంటే కంకరను అనుమానించాలి. నాలుగు రాళ్లు తీసి వాటి మీద వెనిగర్ చుక్కలు వేయండి. నురగ వస్తే అది సున్నపురాయి. మన చుట్టుపక్కల క్రషర్ల నుంచి వచ్చే గ్రానైట్ కంకరకు ఇలా రాదు.

పీహెచ్ మీద ఇంత మాట్లాడటానికి కారణం ఉంది. అమ్మోనియాలో చేపను నిజంగా చంపే భాగం పీహెచ్‌తో పాటు పెరుగుతుంది. నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, పీహెచ్ 7లో ఆ భాగం నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8లో నూటికి ఏడుకు పైనే. కిట్‌లో ఒకే రంగు చూపించిన రెండు తొట్లలో ఒక దానిలో చేపలు బతికి, ఇంకో దానిలో చావడం ఇందువల్లే.

కరెంటు పోయినా కంగారు వద్దు, తడి కంకర మీద బాక్టీరియా కొన్ని గంటలు బాగానే ఉంటాయి. కానీ ఊరెళ్తూ మోటారు ఆపేసి వెళ్లొద్దు. కంకర ఎండితే మళ్లీ మొదటికొస్తాం.

తొట్టి సిద్ధమైందని చెప్పే పరీక్ష ఒక్కటే. సాయంత్రం 3 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ వేయండి. మరుసటి సాయంత్రానికి అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా రావాలి. ఒక్కసారి వస్తే చాలదు, వరసగా మూడు రోజులు రావాలి. రెండింటిలో ఏ ఒక్కటి మిగిలినా ఇంకో వారం ఆగండి.

అది నెగ్గాక సగం నీళ్లు తీసి కొబ్బరి చెట్టుకో మల్లె పాదుకో పోసి, క్లోరిన్ పోయిన కొత్త నీళ్లు నింపండి. చేపలు వచ్చేదాకా రోజూ ఒక గ్రాము వేస్తూ ఉండండి, లేకపోతే బాక్టీరియా ఆకలికి తగ్గిపోతాయి. చేపలు దిగే ముందు రోజు మాత్రం ఏమీ వేయొద్దు. వచ్చే పాఠంలో బంగారు తీగ (కామన్ కార్ప్) చేపపిల్లలను ఎన్ని, ఎలా వదలాలో చూద్దాం. ఈలోపు ఎవరైనా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు చవకగా ఇస్తామంటే తీసుకోకండి. వాటిని పెంచడం మన దేశంలో నిషేధం.