దగ్గు తగ్గలేదా? మందు పవర్ పెంచే ముందు ఇవి చూడండి

అనంతపురం, కర్నూలు వైపు మందుల షాపుల్లో తరచూ వినపడే మాట: "అన్నా, మొన్నటి మూడు మాత్రలకి లొంగలేదు, ఇంకొంచెం పవర్‌ది ఇయ్యి." ఆ మూడు మాత్రలు చాలాసార్లు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్కే, అంటే బ్యాక్టీరియా మీద మాత్రమే పనిచేసే మందు. దగ్గు ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ చూసి ఉండరు.

జ్వరం పోయింది, పది రోజులైనా దగ్గు పోలేదు

కారణం: ఎక్కువ మందిలో వైరసే. గాలి గొట్టాల వాపు మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కళ్లె రంగు మారినంత మాత్రాన బ్యాక్టీరియా అని కాదు. యూరప్‌లోని 12 దేశాల్లో న్యుమోనియా (నెమ్ము) అనుమానం లేని 2,061 మంది దగ్గు రోగుల్లో సగం మందికి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్, మిగతావాళ్లకు మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. దగ్గు తగ్గడంలో పెద్ద తేడా రాలేదు, అరవై దాటినవాళ్లలో కూడా.

పరిష్కారం: వేడి నీళ్లు, జ్వరానికి పారాసిటమాల్, ఏడాది నిండిన పిల్లలకు చెంచా తేనె.

పోయినసారి పనిచేసిన మందు ఈసారి పనిచేయట్లేదు

మొదట, పోయినసారి తగ్గింది మందు వల్లేనా అన్నది అనుమానమే. తనంతట తాను తగ్గే రోగానికి పేరు మాత్రకు పోతుంది. రెండోది, రెసిస్టెన్స్. ఒక కోర్సు వాడాక మందుకు లొంగని బ్యాక్టీరియా మన ఒంట్లో ఏడాది దాకా ఉండొచ్చు. రేపు నిజంగా నెమ్ము చేసినప్పుడు ఇబ్బంది అక్కడే.

పాత చీటీతో మళ్లీ కొనకండి. స్ట్రిప్ మీద నిలువు ఎర్రగీత ఉంటే డాక్టరు రాయకుండా వద్దు. ఈ ఏడాది వాడిన మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపించండి. "సూది వేయండి సార్" అని అడగొద్దు. అడిగితే వేసేవాళ్లున్నారు, అదే చిక్కు.

రెండు వారాలు దాటింది

మామూలు దగ్గే అనిపించినా పీహెచ్‌సీలో టీబీ ఉందేమో చూసే కళ్లె పరీక్ష అడగండి, ఉచితమే. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఇంకా తొందరగా. లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు టీబీని కొన్నాళ్లు అణచిపెడతాయి. బాగైందనుకుంటాం, రోగం ఆలస్యంగా బయటపడుతుంది.

ఆదోని జిన్నింగ్ మిల్లులోనో, తాడిపత్రి బండల పాలిష్‌లోనో పనిచేస్తుంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. దుమ్ము దగ్గుకు యాంటీబయాటిక్ దండగ. బీపీకి రామిప్రిల్ వాడేవాళ్లూ చెప్పాలి, దానివల్లా పొడి దగ్గు వస్తుంది.

ఆయాసం, డొక్కలు ఎగరేయడం, కళ్లెలో రక్తం

ఇక్కడ ఆగొద్దు. నిమిషానికి ఊపిరి ఏడాదిలోపు పాపకు 50, ఐదేళ్లలోపు 40, పెద్దలకు 30 దాటితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. న్యుమోనియా అని తేలితే యాంటీబయాటిక్ కావాల్సిందే, రాసినన్ని రోజులూ వేయాలి. సీసాలో మిగిలిన సిరప్ మాత్రం పక్కింటి పిల్లాడికి ఇవ్వకండి.