ఆయిలర్ రేఖ: మూలబిందువు మార్చితే తేలిపోయిన లెక్క

త్రిభుజంలో లంబకేంద్రం (ఉన్నతులు, అంటే శీర్షాల నుంచి ఎదుటి భుజాలకు గీసిన లంబాలు, కలిసే బిందువు), గురుత్వకేంద్రం (మధ్యగతాలు కలిసే బిందువు), పరివృత్తకేంద్రం (మూడు శీర్షాల గుండా పోయే వృత్తం కేంద్రం) ఒకే సరళరేఖపై ఉంటాయని నిరూపించాలి. ఆ రేఖే ఆయిలర్ రేఖ. బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా అక్క కూతురు తెచ్చిన లెక్క. శీర్షాలకు నిరూపకాలు ఇచ్చి వాలులు కడితే జవాబు వస్తుంది కానీ పేజీలు నిండిపోతాయి. "పరీక్షలో ఇంత టైమ్ ఎక్కడిది మామయ్యా?" అంది. నిజమే.

మూలబిందువును పరివృత్తకేంద్రానికి జరిపాం. ఇప్పుడు శీర్షాల సదిశలు (మూలబిందువు నుంచి శీర్షాలకు గీసిన బాణాలు) ఏ, బి, సి మూడింటి పొడవూ పరివృత్త వ్యాసార్ధమే. అసలు బలమంతా ఇక్కడే ఉంది. హెచ్ = ఏ + బి + సి అనుకుందాం. హెచ్ − ఏ అంటే బి + సి. దానికీ, బి − సి భుజానికీ అదిశా లబ్ధం (డాట్ ప్రొడక్ట్) తీస్తే రెండు పొడవుల వర్గాల తేడా, అంటే సున్నా. లబ్ధం సున్నా అంటే ఆ రెండూ లంబంగా ఉన్నట్టు, కాబట్టి హెచ్ బిందువు, ఏ నుంచి గీసిన ఉన్నతి మీద ఉంది. మిగతా శీర్షాలకూ ఇదే తంతు, హెచ్ లంబకేంద్రమే. గురుత్వకేంద్రం ఎలాగూ (ఏ + బి + సి)/3. అంటే హెచ్‌లో మూడో వంతు, మూలబిందువుతో కలిపి మూడూ ఒకే రేఖ మీదే. సరళరేఖతో పాటు, గురుత్వకేంద్రం నుంచి పరివృత్తకేంద్రానికీ లంబకేంద్రానికీ ఉన్న దూరాల 1:2 నిష్పత్తి కూడా ఊరికే వచ్చేసింది!

నమ్మకం కోసం 3, 4, 5 భుజాల త్రిభుజంతో, (0, 0), (4, 0), (0, 3) శీర్షాలుగా తీసుకుని, సరిచూశాం: లంబకేంద్రం (0, 0), గురుత్వకేంద్రం (4/3, 1), పరివృత్తకేంద్రం (2, 3/2). సమబాహు త్రిభుజంలో మాత్రం మూడూ ఒకే బిందువు, రేఖే ఉండదు.

అంతరకేంద్రాన్ని (కోణాల సమద్విఖండన రేఖలు కలిసే బిందువును) ఇందులోకి లాగొద్దు. సమద్విబాహు త్రిభుజంలో తప్ప అది ఈ రేఖ మీదికి రాదు.