అమెరికా వస్తున్న అమ్మానాన్నలకు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఎలా ఎంచుకోవాలి?

కోడలి పురిటికి సాయంగానో, మనవల్ని చూడటానికో, నాలుగు ఊళ్లు తిరిగి రావడానికో ఏటా ఎంతోమంది పెద్దవాళ్లు హైదరాబాద్ నుంచి డాలస్‌కీ, న్యూజెర్సీకీ, బే ఏరియాకీ బయలుదేరుతుంటారు. వీసా ఇంటర్వ్యూకి ఎంతో సిద్ధమవుతారు. సూట్‌కేస్ బరువు నాలుగుసార్లు తూచుకుంటారు. ఇన్సూరెన్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం టికెట్ బుక్ చేసేటప్పుడు కనిపించిన బాక్సులో టిక్ పెట్టేసి, ఆ పని అయిపోయిందనుకుంటారు.

దీనికి ఒక కారణం ఉంది. యూరప్ వెళ్లడానికి షెంగెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ చూపించాలి. అమెరికా బీ-2 విజిటర్ వీసాకి అలాంటి షరతు లేదు, ఇన్సూరెన్స్ ఉందా అని ఎవరూ అడగరు. ఇక్కడి ఆసుపత్రి ఖర్చేమో చాలా దేశాల కంటే ఎక్కువ. 1986లో వచ్చిన ఎంటాలా చట్టం ప్రకారం, డబ్బు లేదన్న కారణంతో ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని ఆసుపత్రి వెనక్కి పంపకూడదు. ముందు పరీక్షించి, ప్రాణాపాయం తప్పించాలి. బిల్లు మాత్రం ఆ తర్వాత ఇంటికి వస్తుంది.

మీ కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నల్ని చేర్చవచ్చేమో అని చాలామంది అనుకుంటారు. సాధారణంగా కుదరదు. విజిటర్‌గా వచ్చినవాళ్లకు మెడికేర్ (ఇక్కడి వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కూడా వర్తించదు. విడిగా పాలసీ తీసుకోవాల్సిందే.

1. ముందు ఆరోగ్యం వివరాలు రాసుకోండి

ప్లాన్లు చూడటానికి ముందే ఒక కాగితం తీసుకుని, ప్రయాణం నాటికి ఒక్కొక్కరి వయసు ఎంతో రాయండి. రోజూ వేసుకునే మాత్రలు, గతంలో జరిగిన ఆపరేషన్లు, స్టెంట్ ఉంటే ఎప్పుడు వేశారో రాయండి. డాక్టర్ చేయించుకోమన్నా వాయిదా వేసినవి ఏమైనా ఉంటే అవీ రాయండి. మోకాలి ఆపరేషన్ కావచ్చు, యాంజియోగ్రామ్ కావచ్చు. ఇలా వాయిదా వేసినవి రాయడం చాలా ముఖ్యం. ముందే అవసరమని తెలిసిన చికిత్సకు ఏ ట్రావెల్ పాలసీ కూడా డబ్బులివ్వదు. అలాంటిది ఉంటే బయలుదేరే ముందే ఇండియాలో చేయించుకుని రావడం మంచిది.

వయసు గురించి ఇంకో మాట. 70 దాటగానే, మళ్లీ 80 దాటగానే చాలా ప్లాన్లలో కవర్ తగ్గిపోతుంది, ప్రీమియం పెరుగుతుంది. నాన్నకి 69 ఏళ్ల 11 నెలలు అయితే ఏ తేదీ నాటి వయసు లెక్కలోకి తీసుకుంటారో అడిగి తెలుసుకోండి.

2. ఇండియాలో కొనాలా, అమెరికాలో కొనాలా?

రెండూ చేయవచ్చు. ఇండియా కంపెనీల పాలసీ రూపాయల్లో, తక్కువ ఖర్చుతో వస్తుంది. సాధారణంగా విమానం ఎక్కక ముందే కొనాలి. అయితే 60 దాటినవాళ్లకు వీటిలో చాలావాటికి సబ్‌లిమిట్లు ఉంటాయి. పాలసీ పేరు మీద లక్ష డాలర్లు ఉన్నా, రూముకి రోజుకి ఇంత, సర్జన్‌కి ఇంత, అంబులెన్స్‌కి ఇంత అని లోపల పరిమితులు పెడతారు. సబ్‌లిమిట్లు లేని ప్లాన్ ఉందా అని నేరుగా అడగండి. ప్రీమియం కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి.

అమెరికాలో అమ్మే విజిటర్ ఇన్సూరెన్స్‌ను పిల్లలు ఆన్‌లైన్‌లో డాలర్లలో కొనవచ్చు. అమ్మానాన్నలు వచ్చేశాక కూడా దొరుకుతుంది. ఇక్కడి ఆసుపత్రుల బిల్లింగ్ వాళ్లకు ఈ కార్డులు అలవాటే, కౌంటర్ దగ్గర వివరించే బాధ తక్కువ. నాలుగు నెలలు, ఆరు నెలలు ఉండబోయే పెద్దవాళ్లకైతే నా ఓటు దీనికే, అదీ కింద చెప్పబోయే రెండో రకం ప్లాన్‌కి.

3. ప్లాన్ ఎలా చెల్లిస్తుందో చూడండి

కవర్ ఎంత అన్నదానికంటే ముందు చూడాల్సింది ఇదే. అమెరికా విజిటర్ ప్లాన్లు రెండు రకాలు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ ఒక్కో సేవకు ఇంత అని ముందే రేటు రాసి పెడుతుంది. కాంప్రహెన్సివ్ ప్లాన్ అసలు బిల్లులో శాతం లెక్కన చెల్లిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. అమ్మకి అపెండిసైటిస్ ఆపరేషన్ అయి, మూడు రోజులకి 40,000 డాలర్ల బిల్లు వచ్చిందనుకుందాం. ఫిక్స్‌డ్ ప్లాన్ రూముకి రోజుకి 1,500 చొప్పున 4,500, సర్జన్‌కి 3,500, మత్తు డాక్టర్‌కి 800, ఎమర్జెన్సీ రూముకి 400 ఇస్తుందనుకుంటే మొత్తం 9,200 వస్తుంది. మిగతా 30,800 మీరే కట్టాలి. పాలసీ మీద లక్ష డాలర్లని రాసి ఉన్నా అంతే. అదే కాంప్రహెన్సివ్ ప్లాన్‌లో డిడక్టిబుల్ (ముందుగా మీరే కట్టుకోవాల్సిన మొత్తం) 250, ఆ తర్వాత మొదటి 5,000కి 80 శాతం, ఆపైన పాలసీ పరిమితి దాకా నూటికి నూరు శాతం ఇస్తుందనుకుందాం. మీ జేబులోంచి పోయేది 250, దానికి 5,000లో 20 శాతం అంటే 1,000 కలిపి మొత్తం 1,250 డాలర్లు.

ప్రీమియంలో తేడా ఉంటుంది, నిజమే. కానీ ఈ లెక్క చూశాక కూడా చవకైనదని ఫిక్స్‌డ్ ప్లాన్ కొనమని నేనెవరికీ చెప్పలేను. రెండు రకాల వెబ్‌సైట్లూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి బెనిఫిట్ల పట్టిక తెరిచి చూడండి. ప్రతి వరుసలో డాలర్ అంకె ఉంటే అది ఫిక్స్‌డ్ ప్లాన్ అన్నమాట.

4. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఈ భాగం రెండుసార్లు చదవండి

మన పెద్దవాళ్లలో చాలామందికి ఈ రెండింట్లో ఒకటైనా ఉంటుంది. ఇన్సూరెన్స్ భాషలో ఇవి ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్లు. ట్రావెల్ పాలసీలు మామూలుగా వీటిని కవర్ చేయవు. మందులు, రొటీన్ చెకప్, షుగర్ టెస్టులు, డయాలసిస్ లాంటివేవీ రావు.

అయితే చాలా కాంప్రహెన్సివ్ ప్లాన్లలో 'అక్యూట్ ఆన్‌సెట్' అనే క్లాజ్ ఉంటుంది. పాత జబ్బే ఏ ముందస్తు సూచనా లేకుండా హఠాత్తుగా ముదిరి, వెంటనే చికిత్స అవసరమై, సాధారణంగా 24 గంటల లోపు ఆసుపత్రికి వెళ్తే చెల్లిస్తారు. బీపీ ఉన్న నాన్నకి రాత్రి భోజనం చేశాక ఉన్నట్టుండి గుండెనొప్పి వచ్చింది, గంటలో ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. ఇది ఆ క్లాజ్ కిందకి వచ్చే అవకాశం ఉంది. షుగర్ ఉన్న అమ్మ కాలి మీద పుండు నెల రోజులుగా మానకుండా పెరిగి, చివరికి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇది రాదు. ఈ క్లాజ్‌కి ఏ వయసు వరకు అర్హత ఉంది, గరిష్ఠంగా ఎంత ఇస్తారు, గుండె జబ్బులకు వేరే పరిమితి ఉందా అన్న మూడు విషయాలూ చూడండి. కొన్ని ప్లాన్లలో 70 దాటితే ఈ క్లాజే ఉండదు. ఇండియా పాలసీల్లోనూ కొన్ని, ప్రాణాపాయ స్థితి వస్తే పాత జబ్బులకు ఒక పరిమితి వరకు ఇస్తాయి.

ఇండియాలో కొనేటప్పుడు ప్రపోజల్ ఫారంలో జబ్బుల గురించి అడుగుతారు. "బీపీ, షుగర్ ఉన్నాయని రాయకండి సార్, ప్రీమియం పెరుగుతుంది" అని సలహా ఇచ్చే ఏజెంట్లు ఉన్నారు. ఆ మాట వినొద్దు. ఎమర్జెన్సీలో నర్సు మొదట అడిగేదే, ఏం మందులు వాడుతున్నారని. అమ్మ ఉన్నదున్నట్టు "పదేళ్లుగా షుగర్ మాత్ర వేసుకుంటున్నానమ్మా" అంటుంది. పక్కనున్న మీరు దాన్ని ఇంగ్లీషులో చెప్తారు, నర్సు రికార్డులో రాసేస్తుంది. క్లెయిమ్ చూసేవాళ్లు తెప్పించుకునేది ఆ రికార్డే. జబ్బు దాచారని తేలితే దానితో సంబంధం లేని క్లెయిమ్ కూడా చిక్కుల్లో పడవచ్చు. పోనీ ఆ సమయంలో నర్సు దగ్గర దాస్తే వైద్యానికే ప్రమాదం.

5. డిడక్టిబుల్, కవర్, తేదీలు

డిడక్టిబుల్ అంటే కంపెనీ చెల్లించడం మొదలుపెట్టే ముందు మీరు కట్టుకోవాల్సిన మొత్తం. పాలసీ మొత్తానికి ఒకసారా, జబ్బు వచ్చిన ప్రతిసారీనా అన్నది చూడండి. కాస్త ఎక్కువ డిడక్టిబుల్ పెట్టుకుని, ఆ మిగిలిన ప్రీమియంతో కవర్ పెంచుకోవడం తెలివైన పని. చిన్న బిల్లు ఎలాగోలా కట్టుకోగలం, భయమంతా పెద్ద బిల్లు గురించే. వయసు అనుమతిస్తే లక్ష డాలర్లకు తగ్గవద్దు.

ఇండియాలో ఇంటి నుంచి బయలుదేరే రోజే పాలసీ మొదలవ్వాలి. దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారే సమయం కూడా కవర్ అవుతుందో లేదో అడగండి. తిరుగు ప్రయాణం తర్వాత రెండు రోజులు అదనంగా పెట్టుకోండి. నెల నెలా కొత్త పాలసీ కొందామనుకోవద్దు. మొదటి పాలసీలో బయటపడిన జబ్బు, రెండో పాలసీకి పాత జబ్బు అవుతుంది. మొత్తం కాలానికి ఒకేసారి తీసుకోండి. ముందే వెళ్లిపోతే, క్లెయిమ్ ఏమీ లేకపోతే, చాలా కంపెనీలు కొంత రుసుము పట్టుకుని మిగతాది వెనక్కిస్తాయి.

6. దగ్గర్లో ఏ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉంది?

నెట్‌వర్క్ అంటే ఆ ప్లాన్‌తో ఒప్పందం ఉన్న ఆసుపత్రులు. ప్లాన్ వెబ్‌సైట్‌లో మీ ఇంటి జిప్ కోడ్ కొట్టి చూడండి. ఒక ఆసుపత్రి, ఒక అర్జెంట్ కేర్ (చిన్న సమస్యలకు వెంటనే చూసే క్లినిక్) పేర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. జ్వరం, దగ్గు, చిన్న దెబ్బలకు అర్జెంట్ కేర్ చాలు. అడ్మిట్ అవ్వనంత చిన్న సమస్యకు ఎమర్జెన్సీ రూముకి వెళ్తే కొన్ని ప్లాన్లు అదనపు డిడక్టిబుల్ వేస్తాయి. గుండెనొప్పి, పక్షవాతం లక్షణాలు కనిపిస్తే మాత్రం నెట్‌వర్క్ గురించి ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి.

భౌతికకాయాన్ని స్వదేశానికి పంపే ఖర్చు పాలసీలో ఉందో లేదో కూడా చూసుకోండి. అమ్మానాన్నల విషయంలో ఈ మాట ఎత్తడానికి ఎవరికీ మనసొప్పదు. కానీ అది లేకే కొన్ని కుటుంబాలు ఆన్‌లైన్‌లో విరాళాలు అడగాల్సి వస్తోంది.

7. కాగితాలు

పాలసీ కార్డు, పాస్‌పోర్టు కాపీ, ఐ-94 (అమెరికాలోకి ఎప్పుడు వచ్చారో, ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే రికార్డు) ప్రింట్, మందుల చీటీ ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. మందులు ఇండియా నుంచే, అసలు ప్యాకింగ్‌లో, ప్రిస్క్రిప్షన్‌తో తెచ్చుకోవాలి. సొంత వాడకానికి తెచ్చే మందులు మామూలుగా 90 రోజులకు మించకూడదని అమెరికా ఎఫ్‌డీఏ చెబుతుంది. ఆరు నెలలు ఉండేవాళ్లు మిగతా మూడు నెలల మందుల సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఆసుపత్రిలో చేరితే వీలైనంత త్వరగా పాలసీ కార్డు మీదున్న నంబర్‌కి చెప్పండి. డిశ్చార్జ్ అప్పుడు మొత్తం అంకె ఉన్న బిల్లు సరిపోదు, ప్రతి సేవా విడివిడిగా ఉన్న ఐటమైజ్డ్ బిల్లు అడగండి. క్లెయిమ్ తిరస్కరిస్తే అక్కడితో వదిలేయకండి. ఇండియా పాలసీ అయితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆ తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో, అక్కడా తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. తెలుగు రాష్ట్రాల ఫిర్యాదులు చూసే కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అమెరికా పాలసీ అయితే తిరస్కరణ లేఖలో ఇచ్చిన గడువులోపు అప్పీల్ చేయాలి. పాత జబ్బు అన్న కారణంతో కొట్టేసినప్పుడు, సమస్య హఠాత్తుగా ఏ సమయానికి మొదలైందో, ఎన్ని గంటల్లో ఆసుపత్రికి చేరారో చూసిన డాక్టర్ చేత రాయించి ఆ అప్పీల్‌కి జత చేయండి.